పదకొండు సున్నా

మా ఇంట్లో ఎవరైనా భోజనం మధ్యలో లేచినా, సినిమా ఇంకో పది నిమిషాలు ఉందనగా నిద్రకు వెళ్ళినా, పెళ్ళిలో అప్పగింతలు కాకముందే కారు తాళాలు వెతుక్కున్నా, మిగిలినవాళ్ళు ‘పదకొండు సున్నా’ అంటారు. ఆ మాట ఇంట్లోకి తెచ్చింది నేనే. ఇప్పుడు అందరికంటే ఎక్కువగా నా మీదే వాడుతున్నది మా అమ్మాయి. వాడనీ. నేను చేసిన పని అలాంటిది.

సంగతి 2002 నాటిది. అప్పుడు నేను కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉండేవాణ్ణి. రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటులో నలుగురం. డాట్ కామ్ బుడగ పగిలి రెండేళ్ళు కావస్తోంది. మార్చి నెలలో నా ప్రాజెక్టు ఆగిపోయి ‘బెంచి మీద’ పడ్డాను. ఆ కాలంలో అమెరికా వచ్చిన తెలుగువాళ్ళకు ఈ మాట వివరించనక్కరలేదు. ఉద్యోగం ఉన్నట్టే పేరు, పని ఉండదు. జీతం వస్తుందో రాదో చెప్పేవాళ్ళు ఉండరు. ఇంటికి ఫోను చేసినప్పుడు అమ్మ “పని ఎలా ఉంది నాన్నా” అంటే “ఫరవాలేదు” అనాలి. పగలంతా రెజ్యూమెలు పంపేవాణ్ణి. సాయంత్రం ఆరు దాటితే ఏం చేయాలో తోచేది కాదు.

కింది వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. ఓక్లాండ్ రేవులో పనిచేసి రిటైరైన మనిషి. ఏప్రిల్ వచ్చిందంటే గుమ్మం ముందు మడత కుర్చీ వేసుకుని, పక్కన చిన్న రేడియో పెట్టుకుని, మోకాలి మీద అట్టకు కాగితం బిగించి కూర్చునేవారు. మెట్లు దిగి వెళుతున్నప్పుడల్లా రేడియోలో ఒక ముసలి గొంతు వినిపించేది. మాటలు సగం అర్థమయ్యేవి కావు కానీ ఆ స్వరం మాత్రం తెలిసినదే. అనంతపురంలో మా మామయ్య అరుగు మీద ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని క్రికెట్ వ్యాఖ్యానం వినేటప్పుడు వినిపించే స్వరం లాంటిదే. దూరాన ఎక్కడో జనం గోల, దాని మీద తొందరపడని ఒక మనిషి మాట. అమెరికాలో ఆ మనిషి పేరు బిల్ కింగ్ అని తర్వాత తెలిసింది. ఏదైనా ఊహించనిది జరిగితే “హోలీ టొలీడో!” అని అరిచేవాడు. ఓక్లాండ్ అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆటలకు 1981 నుంచి 2005లో చనిపోయేదాకా ఆయనదే గొంతు.

ఒక రోజు పెద్దాయన రెండో కుర్చీ తెచ్చి వేశారు. అంతే, నా చదువు మొదలైంది.

క్రికెట్ తెలిసినవాడికి బేస్‌బాల్ సులువుగా వస్తుందని అనుకుంటారు. నిజానికి ముందు క్రికెట్‌ను మరిచిపోవాలి. బంతి నేల మీద పడదు, అన్నీ ఫుల్‌టాసులే. వికెట్ల వెనక్కి కొట్టిన అందమైన గ్లాన్సుకు ఇక్కడ విలువ లేదు, అది ‘ఫౌల్’. పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనవాడు గొప్ప బ్యాటర్. ఇది జీర్ణం కావడానికి నాకు నెల పట్టింది. కానీ ఒకటి మాత్రం వెంటనే అర్థమైంది, అది బంతిని వదిలేయడం. గవాస్కర్ ఆఫ్ స్టంప్ బయట బంతిని వదిలేస్తుంటే మా మామయ్య తల ఊపేవాడు. ఇక్కడ అలా నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఏకంగా మొదటి బేస్‌కు, అంటే పరుగు కోసం చుట్టిరావాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిదానికి, నడిచి వెళ్ళవచ్చు. ఆ ఏడాది ఓక్లాండ్ జట్టు కథంతా ఈ వదిలేయడం చుట్టూనే తిరిగింది.

ఎందుకంటే వాళ్ళ దగ్గర డబ్బు లేదు. అంతకుముందు చలికాలంలో మొదటి బేస్ దగ్గర నిలబడే జేసన్ జియాంబీని న్యూయార్క్ యాంకీస్ ఏడేళ్ళకు 12 కోట్ల డాలర్లిచ్చి ఎగరేసుకుపోయారు. జానీ డేమన్ బోస్టన్‌కు, ఇస్రింగ్‌హౌసెన్ సెయింట్ లూయిస్‌కు వెళ్ళిపోయారు. జట్టు మొత్తం జీతాలు 4 కోట్ల డాలర్ల చుట్టూ ఉంటే, యాంకీస్ దానికి మూడింతలు ఖర్చు పెడుతున్నారు. ఖాళీ అయిన మొదటి బేస్‌కు తెచ్చుకున్నది స్కాట్ హాటెబర్గ్ అనే అతన్ని. అతను అసలు క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు. మోచేతి నరం దెబ్బతిని బంతి విసరలేడు కాబట్టి పాత జట్టు వద్దనుకుంది. అతనికున్న విద్యల్లా ఓపిగ్గా నిలబడి బంతులు వదిలేయడం. ఎవరూ అక్కరలేదన్న మనిషిని చవగ్గా తెచ్చుకుని, అలవాటు లేని చోట నిలబెట్టారు. బెంచి మీద ఉన్న నాకు ఈ జట్టు కాక ఇంకేది నచ్చుతుంది! తర్వాత ఈ సంగతుల మీద పుస్తకం, సినిమా వచ్చి ప్రపంచానికంతా తెలిసింది. నాకు మాత్రం కింది వాటా పెద్దాయన వేరుసెనగ కాయలు ఒలుస్తూ చెప్పారు.

అన్నట్టు ఆ వేరుసెనగ కాయలు. స్టేడియంలో వేయించిన కాయలు పొట్టుతో సహా సంచీల్లో అమ్ముతారు. ఒలుచుకుని తిని పొట్టు కాళ్ళ కిందే వేయాలి, ఎవరూ ఏమీ అనరు. అనంతపురం బస్టాండులో పెరిగినవాడికి అంతకంటే స్వాగతం ఏం కావాలి? హాట్ డాగ్ జోలికి మాత్రం నేను పోలేదు. ఇంటి నుంచి పులిహోర డబ్బా వచ్చేది.

మా రూమ్మేటు, విజయవాడవాడు, అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అభిమాని. నీళ్ళను ఆనుకుని కొత్తగా కట్టిన స్టేడియం, నీళ్ళలో పడే హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) బంతుల కోసం చిన్న పడవలేసుకుని కాచుకునే జనం, నట్టనడుమ బ్యారీ బాండ్స్. వాడికి అది పెద్ద హీరో సినిమా. ఆగస్టు 9న బాండ్స్ 600వ హోమ్ రన్ కొట్టినప్పుడు వీడు మా హాల్లో ఈల వేశాడు. ఆ సీజన్‌లో బాండ్స్ సగటు .370. అతనికి బంతి వేయడానికే భయపడి 198 సార్లు మొదటి బేస్‌కు నడిపించి పంపారు. అలా పంపినప్పుడల్లా జనం రబ్బరు కోళ్ళు ఊపి పిచర్‌ను, అంటే బంతి వేసేవాణ్ణి, పిరికివాడని వెక్కిరించేవారు. నా జట్టు హీరోలు లేని నాటకం కంపెనీ. వేషగాడు మానేస్తే అదే కిరీటం ఇంకొకడికి పెట్టి పంపుతారు.

“బావా, నీ వాళ్ళ స్టేడియం చూస్తే జైలు గుర్తొస్తుంది” అనేవాడు. కాదనలేను. కొలీజియం 1966 నాటి కాంక్రీటు గిన్నె. ఒకప్పుడు కూర్చున్నచోటి నుంచి ఓక్లాండ్ కొండలు కనిపించేవట. ఫుట్‌బాల్ జట్టు కోసమని 1995, 96లలో అవతలి వైపు ఓ గోడలాంటి కట్టడం లేపి ఆ కొండలను మూసేశారు. పెద్దాయన ఆ కట్టడం పేరెత్తితే చాలు, నా ముందు అనకూడని మాటలు అనేవారు. ఆయన 1968 నుంచి, అంటే జట్టు ఆ ఊరు వచ్చిన తొలి ఏడాది నుంచి చూస్తున్నారు. అంతకుముందు అది కాన్సస్ సిటీ జట్టు, దానికీ ముందు ఫిలడెల్ఫియా జట్టు. 

సీజన్ అంటే 162 ఆటలు. క్రికెట్‌లో మ్యాచ్ అంటే పండగ, ముందు నుంచి ఎదురుచూస్తాం, అయిపోయాక వారం చర్చిస్తాం. ఇది పండగ కాదు, రోజూ వండే వంట. నిన్న ఓడిపోయారా, ఇవాళ మళ్ళీ ఏడుగంటలకు ఉంది. మే నెలలో ఓక్లాండ్ దారుణంగా ఆడింది. గెలిచేవాటికంటే ఓడేవి ఎక్కువయ్యాయి. రేడియో కట్టేయండి అని నేనంటే పెద్దాయన పెన్సిలు చెక్కుతూ, “ఓడినా రాయాల్సిందే అబ్బాయ్” అన్నారు. స్కోరు కార్డు రాయడం అప్పుడే నేర్పారు. ప్రతి ఆటగాడికి వరసగా గడులు, ఒక్కో గడిలో చిన్న చతురస్రం, అతను ఎక్కడిదాకా వెళ్ళాడో అక్కడిదాకా గీత. స్ట్రైకౌట్ అయితే, అంటే మూడు స్ట్రైక్‌లు పడి అవుటైతే, ‘కె’. మూడో స్ట్రైక్‌ను ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే ఆ ‘కె’ని తిరగేసి రాయాలి. చూస్తూ నిలబడినందుకు శిక్ష అన్నమాట. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానిలో జట్టుకు మూడు అవుట్లు; ఇరవై ఏడో అవుటు పడేదాకా పెన్సిలు జేబులో పెట్టకూడదు.

జూలైలో ఒక రాత్రంతా ఈ ఆటలన్నీ పక్కన పెట్టి, డిష్ ఉన్న స్నేహితుడి ఇంట్లో ఇరవై మందిమి కూర్చుని లార్డ్స్‌లో నాట్‌వెస్ట్ ఫైనల్ చూశాం. యువరాజ్, కైఫ్ కలిసి 326 పరుగుల లక్ష్యాన్ని దాటించిన మ్యాచ్. అది వేరే కథ. కానీ సచిన్ అవుటవగానే ‘ఇక అయిపోయింది’ అని లేచి ఇంటికి వెళ్ళి పడుకున్నవాళ్ళు మాలో ఇద్దరున్నారు. వాళ్ళను నెల రోజులు ఏడిపించాను. నేనే. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు 13 నుంచి ఓక్లాండ్ ఓడడం మానేసింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, కాన్సస్ సిటీ తిరిగి అన్నీ గెలుచుకుని ఇంటికి వచ్చేసరికి వరసగా పదిహేను. ఈలోగా ఆటగాళ్ళ సంఘం ఆగస్టు 30 నుంచి సమ్మె అంది. గెలిచే జట్టు నాది, ఆగిపోయేది సీజన్. నా జాతకం అలాగే ఉంది కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. ఆ రోజే ఒప్పందం కుదిరింది. పదహారు, పదిహేడు. సెప్టెంబరు 1న మిన్నెసోటా మీద ఓడిపోతున్న ఆటను చివరి ఇన్నింగ్స్‌లో మిగెల్ తెహాదా హోమ్ రన్‌తో గెలిపించాడు. మర్నాడు కాన్సస్ సిటీ రాయల్స్ మీద మళ్ళీ తెహాదాయే, మళ్ళీ చివరి ఇన్నింగ్స్‌లోనే. పందొమ్మిది. అమెరికన్ లీగ్‌లో వరసగా ఇరవై గెలిచినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

బుధవారం, సెప్టెంబరు 4. రూమ్మేటుకు ఓక్లాండ్ అంటే ఇష్టం లేకపోయినా ‘చరిత్ర కదా’ అని వచ్చాడు. పెద్దాయన మోకాళ్ళ నొప్పులని రేడియో దగ్గరే ఉండిపోయారు. స్టేడియంలో 55,528 మంది. మూసేసిన కొండల వైపు గోడ కూడా ఆ రోజు మనుషులతో నిండింది. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఆరు పరుగులు. రెండోదానిలో ఒకటి. మూడోదానిలో నాలుగు. టిమ్ హడ్సన్ బంతులు వేస్తున్నాడు. పదకొండు సున్నా. నా కార్డు మీద గీతలకు చోటు చాలలేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో కాన్సస్ సిటీ అయిదు చేసింది. చేసుకోనీ, పాపం అనుకున్నాం.

ఏడో ఇన్నింగ్స్ అయ్యాక రూమ్మేటు గడియారం చూశాడు. వాడికి ఉదయం ఆరింటికి హైదరాబాద్ వాళ్ళతో కాల్. “బావా, పదకొండు, అయిదు. ఇంక చూసేదేముంది? యాభై వేల మంది ఒకేసారి రైలు మీద పడితే ఒంటిగంటకు గాని ఇల్లు చేరం.” నేను పెన్సిలు జేబులో పెట్టాను.

తప్పు వాడి మీదకు తోయాలని ఇరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. కుదరడం లేదు. వాడు అడిగాడు, లేచింది నేనే.

స్టేడియం నుంచి బార్ట్ అనే లోకల్ రైలు స్టేషనుకు ఒక పొడుగాటి నడవంతెన ఉంది. ఒకసారి బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి రానివ్వరు. నా వాక్‌మన్ రేడియో, చెవికొక ఇయర్‌ఫోను. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా కాన్సస్ సిటీ ఒకటి చేసింది, ఇంకొకటి చేసింది, తర్వాత మైక్ స్వీనీ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. పదకొండు, పది. బిల్ కింగ్ గొంతు కంటే ముందు, వంతెన అవతలి నుంచి యాభై వేల మంది ఒక్కసారిగా నోరు మూసుకున్న నిశ్శబ్దం వినిపించింది. నిశ్శబ్దం అంత దూరం వినిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రైలొచ్చింది. ఎక్కాలా వద్దా? రూమ్మేటు ఎక్కాడు. ఇంకా ఒక పరుగు మిగిలే ఉంది కదా అని నేనూ ఎక్కాను. శాన్ లియాండ్రో. బే ఫెయిర్. హేవార్డ్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు పడి, ఇంకొక్కటి పడితే అయిపోయేదనగా పదకొండు పదకొండు అయింది. దక్షిణ హేవార్డ్ స్టేషనులో తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

యూనియన్ సిటీ దగ్గర పడుతుండగా హాటెబర్గ్ వచ్చాడు. ఆ రాత్రంతా అతన్ని ఆడించలేదు. బెంచి మీదే కూర్చోబెట్టి, ఇప్పుడు వేరొకరి బదులు పంపారు. మొదటి బంతి వదిలేశాడు. నాకు నవ్వొచ్చింది, ఇప్పుడు కూడానా అని. రెండో బంతి వదల్లేదు. బంతి కుడివైపు గోడ దాటి వెళ్ళిపోతుంటే రేడియోలో మాటలు జనం గోలలో మునిగిపోయాయి. నేను రైల్లో లేచి అరిచాను. పెట్టె చివర ఎవరో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మరో పెద్దమనిషి, సరిగ్గా అదే క్షణంలో అరిచాడు. ఆకుపచ్చ టోపీ. ఆయన కూడా ముందే లేచి వచ్చినవాడే! నన్ను చూసి, సిగ్గుపడి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం పెద్దాయన “కార్డు చూపించు” అన్నారు. చూపించాను. ఏడు గడుల దాకా నిండుగా, తర్వాత రెండూ ఖాళీ. చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. తన కార్డు తెచ్చి, “నకలు రాసుకుంటావా?” అన్నారు. వద్దన్నాను.

సెప్టెంబరు 6న మిన్నెసోటాలో ఓడిపోయారు. సీజన్ మొత్తం 103 గెలుపులు. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలో, అదే మిన్నెసోటా చేతిలో, అదే కొలీజియంలో, చివరిదైన అయిదో ఆటలో ఓటమి. 5-1తో వెనకబడి, చివరి ఇన్నింగ్స్‌లో మార్క్ ఎల్లిస్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి, 5-4 దగ్గర ఆగిపోయింది. ఆ రోజు నేను ఇంట్లో టీవీ ముందు చివరి బంతి దాకా కూర్చున్నాను. పనికొచ్చినప్పుడు లేచిపోయి, పనికిరానప్పుడు కూర్చున్నాను. పెద్దాయన మాత్రం ఏడాది క్రితం ఇంతకంటే ఘోరంగా ఓడారని ఓదార్చారు. అదొక రకం ఓదార్పు.

జెయింట్స్ ఇంకా ముందుకు వెళ్ళారు. అక్టోబరు 26న, ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో ఏడో ఇన్నింగ్స్ దాకా 5-0 ఆధిక్యం. ఇంకో ఎనిమిది అవుట్లు పడితే చాలు. మా రూమ్మేటు లేచి మిఠాయి కొట్టుకు వెళ్ళొస్తానన్నాడు. మేం ముగ్గురం వాణ్ణి కుర్చీలో నొక్కి కూర్చోబెట్టాం. అయినా లాభం లేకపోయింది. స్పీజియో హోమ్ రన్, గ్లాస్ డబుల్, ప్రత్యర్థి అనహైమ్ 6-5తో గెలిచింది. మర్నాడు చివరిదైన ఏడో ఆట కూడా. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. ఓదార్చడానికి మాటలు దొరక్క, అయిదో ఆటలో జెయింట్స్ మేనేజరు మూడేళ్ళ కొడుకు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ దగ్గరికి పరుగెత్తితే జె.టి. స్నో చొక్కా పట్టుకుని ఎత్తేసిన దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ వేసి చూపించాం. ఆ పిల్లవాడు డారెన్ బేకర్, 2024లో తానే మేజర్ లీగ్ ఆటగాడయ్యాడు. ఆ రోజు రూమ్మేటుకు ఫోను చేసి చెప్పాను. “అంటే మనం ముసలివాళ్ళమయ్యామనేగా” అన్నాడు.

నవంబరులో నాకు శాక్రమెంటోలో ప్రాజెక్టు దొరికింది. బెంచి దిగాను. రెండేళ్ళ తర్వాత ఫ్రీమాంట్‌కు తిరిగి వచ్చేసరికి కింది వాటాలో వేరే ఎవరో ఉన్నారు.

2024 సెప్టెంబరు 26, గురువారం మధ్యాహ్నం. ఓక్లాండ్‌లో అథ్లెటిక్స్ చివరి ఆట. జట్టు లాస్ వేగస్ పోతుందట, అక్కడ స్టేడియం సిద్ధమయ్యేదాకా శాక్రమెంటోలో సర్దుకుంటుందట. నేను వెళ్ళిన దారే. బడి మాన్పించి అమ్మాయిని తీసుకెళ్ళాను. 46,889 మంది వచ్చారు. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వేరుసెనగ కాయలు ఒలుస్తున్నారు. కార్డు మీద గడులు గీసి, ‘కె’ ఎప్పుడు తిరగేయాలో అమ్మాయికి చూపించాను. ఎంత సన్నగా ఉంటే ఏం, ఓక్లాండ్‌ది మూడు రెండు ఆధిక్యం.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కాసేపు బాత్రూముకు వెళ్ళొద్దామని లేచాను. అక్కడి బాత్రూములంటే ఎంత క్యూ ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు.

అమ్మాయి కార్డు మీంచి తల ఎత్తలేదు. “పదకొండు సున్నా” అంది.

కూర్చున్నాను.